రథికుడు, సారథి, పాదచారి

హుగ్లీ నది పడమటి ఒడ్డున, హౌరా నగరంలోని శిబ్‌పూరును ఆనుకొని షాలిమార్ అనే చోటు ఉన్నది. పేరు వినగానే కాశ్మీరులోను, లాహోరులోను మొగలు చక్రవర్తులు వేయించిన ఉద్యానాలు జ్ఞాపకం వస్తాయి. కాని ఇక్కడ కనిపించేవి సరుకుల యార్డులు, గోదాములు, కర్మాగారాల ప్రహరీగోడలు, నది వెంట బారులు తీరిన లారీలు. తోట అనదగినది పొరుగున ఉన్న వృక్షశాస్త్రోద్యానం ఒక్కటే. అది 1787లో ఏర్పడినది. కోస్తా వెంబడి విశాఖపట్నం, బరంపురం, కటకం దాటి, నేడు కోల్‌కతా అని వ్యవహరించే కలకత్తాకు చేరే తెలుగువారిలో చాలామందికి ఇప్పుడు దిగవలసిన ఆఖరు స్టేషను షాలిమారే. కోరమండల్ ఎక్స్‌ప్రెస్సూ, హైదరాబాదునుంచి వచ్చే ఈస్ట్ కోస్ట్ ఎక్స్‌ప్రెస్సూ అక్కడే ఆగుతాయి.

రైలుబండిలో ఉన్నంతసేపు ప్రయాణికులందరూ ఒకే వేగంతో పోయేవారే. పెట్టెలో తరగతుల భేదం ఉండవచ్చు, వేగంలో భేదం లేదు. స్టేషను గుమ్మం దాటగానే ఆ సమానత్వం ముగుస్తుంది. ఒకరికోసం సొంతకారు వచ్చి ఉంటుంది. డ్రైవరు సామాను అందుకొని వెనుక తలుపు తెరుస్తాడు. ఇంకొకరు టాక్సీవానితో బేరమాడుతారు. మరికొందరు నలుగురైదుగురు కలిసి టోటో అనే బ్యాటరీబండిలో సర్దుకొంటారు. మిగిలినవారు మూటను నెత్తికెత్తుకొని, పిల్లవాని చేయి పట్టుకొని, లారీకీ గోడకూ నడుమ దొరికినంత సందులో నడిచిపోతారు. రథికుడు, సారథి, పాదచారి ముగ్గురూ ఒకే దారిమీద ఒక్కసారి కనిపించే చోటు అది. ఈ ముగ్గురికీ పరస్పరం ఉన్న ఋణమేమిటి? కారు కలవాడు తన డబ్బుతో తాను కొనుక్కొన్నాడు. ఇందులో ఎవరికి ఎవరు ఋణపడినట్లు? ఈ ప్రశ్న పైకి చిన్నదే. కాని దేశంలో కార్లు పెరిగినకొద్దీ నిత్యజీవితంలోని మంచిచెడ్డలు ఎన్నో దీనిమీదనే ఆధారపడుతున్నాయి.

ముందుగా కారు పక్షాన చెప్పవలసిన న్యాయం చెప్పాలి. వాహనాన్ని నిందించడం మనదేశంలో సుళువైన వైరాగ్యం. గాంధీమహాత్ముడు 1909లో రచించిన ‘హింద్ స్వరాజ్’లో రైళ్ళను తీవ్రంగా విమర్శించాడు, తరువాత దేశమంతటా తిరిగినది ఎక్కువగా ఆ రైళ్ళలోనే. దానిని కపటమని అనడం అవివేకం. యంత్రం మనిషిని ఆడిస్తున్నదా, మనిషి యంత్రాన్ని వాడుకొంటున్నాడా అన్నదే ఆయన అడిగిన అసలు ప్రశ్న. 1951 ఏప్రిల్ 18న తెలంగాణలోని పోచంపల్లిలో భూదానోద్యమానికి నాంది పలికిన వినోబా, ఆ తరువాత ఏళ్ళతరబడి కాలినడకనే దేశం చుట్టాడు. అది ఒక మహావ్రతం. అయితే వ్రతం వేరు, విధి వేరు. అర్ధరాత్రి పురిటినొప్పులు పడుతున్న ఇల్లాలికి, కీళ్ళవాతంతో మంచం దిగలేని తల్లికి, పని ముగించుకొని ఒంటరిగా ఇల్లు చేరవలసిన ఆడపిల్లకు పాదయాత్రా మాహాత్మ్యం బోధించడం ధర్మం కాదు. నాలుగు చక్రాలూ ఒక కప్పూ వారికి విలాసం కాదు, రక్షణ. సాయంత్రంపూట ముసలితండ్రిని పక్కన కూర్చోబెట్టుకొని ఏటి ఒడ్డుకు తీసుకొనిపోయే కొడుకు ఆ కారు కొనడానికి తీర్చుకొనే నెలవాయిదాలు కూడ ఒకవిధమైన పితృసేవే.

కారు మన ఇళ్ళలో ప్రవేశించే తీరే దీనికి నిదర్శనం. కొత్తకారు ఇంటికి రాగానే పసుపు కుంకుమలు పెడతారు, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచి తొక్కిస్తారు, కొబ్బరికాయ కొడతారు. యంత్రానికి ఈ పూజలేమిటని నవ్వేవారు నవ్వవచ్చు. కాని ఆ నిమ్మకాయలో ఒక భయమున్నది. ఈ వస్తువు మేలు చేయగలదు, ప్రాణమూ తీయగలదు అని ఇంటివారికి లోలోపల తెలుసు. మంచం కొన్నప్పుడూ బీరువా కొన్నప్పుడూ ఎవరూ దిష్టి తీయరు. చిక్కు ఎక్కడంటే, ఆ భయం కారు లోపల కూర్చునే తమవారి క్షేమంతోనే ఆగిపోతుంది. బయట నడిచేవారి క్షేమంకోసం ఎవరూ కొబ్బరికాయ కొట్టరు.

కారు కొన్నవాడు కొన్నది కారునే, దారిని కాదు. ఇల్లు కొంటే ఇంటిస్థలం కూడ కొంటాడు. పొలం కొంటే గట్టుతో సహా కొంటాడు. కారు ఒక్కటే, తన స్వామికి చెందని నేలమీద తప్ప ఎందుకూ కొరగాని సొత్తు. అది కదిలినా నిలిచినా పదిమంది నేలమీదనే. కలకత్తా వంటి నగరంలో ఈ సంగతి మరింత స్పష్టం. ఆ నగర వైశాల్యంలో వీధులకు దక్కినది నూటికి సుమారు ఆరు పాళ్ళేనని చాలాకాలంగా చెబుతూ వస్తున్నారు. 2019-21 సంవత్సరాలలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య సర్వే ప్రకారం దేశంలో కారున్న కుటుంబాలు నూటికి ఎనిమిదికి మించి లేవు. అంటే ఇరుకైన ఉమ్మడి వాకిట్లో ఎనిమిదిమంది మంచాలు వేసుకొని పడుకొంటే, తొంభై ఇద్దరు వాటి సందుల్లో నడవవలసి వచ్చినట్లు. మంచం వేసుకొన్నవాడు దుర్మార్గుడు కాకపోవచ్చు. అయినా వాకిలి తనదేననుకొంటే మాత్రం పొరపాటు.

ఈ పొరపాటు వ్యక్తులు చేస్తే తగాదా, ప్రభుత్వాలు చేస్తే శాసనం అవుతుంది. 2013లో కలకత్తా పోలీసులు నూట డెబ్బైకి పైగా వీధులలో సైకిళ్ళు పోరాదని నిషేధించారు. తరువాత ఆ సంఖ్య తగ్గింది. పాలవాడు, పత్రికలవాడు, కూలిపనికి పోయేవాడు ఎక్కే సైకిలు రాకపోకలకు అడ్డమైనది; ఒక్క మనిషిని మోసుకొనిపోయే కారు మాత్రం రాకపోక అనిపించుకొన్నది. హౌరావైపు ట్రాములు శిబ్‌పూరుదాకా నడిచేవి. 1970 దశాబ్దపు తొలి సంవత్సరాలలోనే అవి నిలిచిపోయాయి. 1943లో తెరిచిన హౌరా వంతెనను కట్టినవారు మాత్రం బండ్ల దారికి ఇరుపక్కలా పదిహేనేసి అడుగుల వెడల్పున నడకదారి విడిచిపెట్టారు. పరాయి పాలనలో, యుద్ధకాలంలో, ఉక్కుకు కరవైన రోజులలో కట్టిన వంతెన అది. ఆ లెక్కలలో నడిచేవానికి చోటు ఉన్నది. తరువాత వచ్చిన స్వతంత్రుల లెక్కలలో ఆ చోటు ఎందుకు కుదించుకుపోయిందో ఆలోచించదగినదే.

దారి ఎవరు ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్న కొత్తది కాదు. మన ధర్మశాస్త్రాలు దానిని విచారించాయి. రథంలో పోయేవానికి, తొంభైయేళ్ళు దాటిన వృద్ధునికి, రోగికి, బరువు మోసేవానికి, స్త్రీకి, స్నాతకునికి, రాజుకు, పెండ్లికుమారునికి దారి ఇవ్వవలసినదని మనుస్మృతి రెండవ అధ్యాయం చెబుతుంది. ఈ జాబితాలో రథం మొదట ఉండడం చూసి నేటి కారువారు సంతోషించవచ్చు. కాని ఆ వరుసలోని మిగిలిన పేర్లు చూడండి. వృద్ధుడు, రోగి, మోపు మోసేవాడు, వీరంతా చప్పున పక్కకు తప్పుకోలేనివారు. గుర్రాలు కట్టిన రథమూ అంతే. పరుగులో ఉన్న గుర్రాన్ని చటుక్కున నిలపడం కష్టం. కనుక ఆ నియమంలో కొంతభాగం గౌరవమర్యాదలది కావచ్చుగాని, ఎక్కువభాగం అశక్తతను గుర్తించినదే. తప్పుకోగలవాడు తప్పుకోలేనివానికి దారి ఇవ్వాలి. నేటి మోటారు కాలి కొన వేలితో నొక్కితే నిలిచిపోతుంది. వీధి దాటుతున్న ముసలమ్మ అట్లా నిలువలేదు, పరుగెత్తలేదు. కావున ఆ పాత న్యాయాన్నే నేటికి అన్వయిస్తే, దారి ఇవ్వవలసినవాడు కారులో ఉన్నవాడే.

అదే గ్రంథం ఎనిమిదవ అధ్యాయంలో బండి ప్రమాదాలను గురించి మరింత ఆశ్చర్యకరమైన విచారణ ఉన్నది. ముక్కుతాడు తెగినా, కాడి విరిగినా, ఇరుసు విరిగినా, తప్పుకోమని సారథి కేకవేసినా దోషం లేదంటుంది. సారథికి నేర్పు లేనందువల్ల హాని జరిగితే యజమానికి రెండువందల పణాల దండుగ. సారథి నేర్పరి అయివుండి హాని చేస్తే దండుగ సారథికి. నేర్పులేనివాడని తెలిసి ఆ బండి ఎక్కినవారికి కూడ తలకు నూరు పణాలు. ఆ స్మృతి మనుషులను పుట్టుకనుబట్టి హెచ్చుతగ్గులుగా తూచినది. ఆ తూనిక నేటి మనిషికి ప్రమాణం కాజాలదు. కాని ఈ ఒక్క విచారణలో ఒక సూక్ష్మం దాగి ఉన్నది. చక్రం తొక్కిన పాపం పగ్గం పట్టినవానితోనే ఆగిపోదు. వెనుక కూర్చున్నవాడు కూడ అందులో భాగస్వామి. తొందరగా పొమ్మన్నవాడు, నిద్రలేనివానిచేత బండి తోలించినవాడు, పసివాని చేతికి తాళంచెవి ఇచ్చినవాడు, ఎవరూ ‘నేను తోలలేదు’ అని తప్పించుకోలేరు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం కూడ ఈ దారినే పట్టింది. మైనరు పిల్లవాడు బండి తోలి నేరం చేస్తే సంరక్షకునికిగాని యజమానికిగాని మూడేళ్ళదాకా చెరసాల, ఇరవైయైదువేల రూపాయల జుల్మానా అని శాసించింది.

ఇక సారథి సంగతి. మన వాఙ్మయంలో సారథికి ఉన్న స్థానం మరే దేశపు సాహిత్యంలోను ఉన్నదో లేదో. కఠోపనిషత్తు మనిషి బ్రతుకును రథంతో పోల్చి బుద్ధినే సారథిగా నిలిపింది. భగవంతుడే అర్జునుని పగ్గాలు పట్టి పార్థసారథి అనిపించుకొన్నాడు. కాని అదే భారతంలో శల్యుడున్నాడు. కర్ణునికి సారథ్యం చేయమని దుర్యోధనుడు కోరినప్పుడు, సూతపుత్రునికి నేను బండి తోలాలా అని మండిపడిన మద్రరాజు ఆయన. కృష్ణుడు ఘనతగా స్వీకరించిన పని శల్యునికి అవమానమైంది. పని ఒక్కటే, దానిని చూసే కన్ను వేరు. మన సమాజం పూజామందిరంలో కృష్ణుని పక్షం, వీధిలో శల్యుని పక్షం వహించింది.

పెండ్లిపందిళ్ళ ముందు, ఆసుపత్రుల ముందు, పెద్ద దుకాణాల ముందు కార్ల వరుసను చూస్తే ఇది బోధపడుతుంది. లోపల విందు జరుగుతూ ఉంటుంది. బయట డ్రైవర్లు బానెట్లకు ఆనుకొని నిలబడి ఉంటారు. ఎప్పుడు పిలుపు వస్తుందో తెలియదు కనుక దూరంగా పోలేరు; లోపలికి పోయే హక్కు లేదు; కారులో నిద్రపోతే కోపం వస్తుంది. తొమ్మిదింటికి వస్తామన్న యజమాని పదకొండింటికి వస్తే ఆ రెండు గంటలూ ఎవరి ఆయువులోనుంచి పోయాయో లెక్కించేవారుండరు. ‘డ్రైవరుకు భోజనం పెట్టారా?’ అని గృహస్థుకు చివరిక్షణంలో జ్ఞాపకం వస్తే అదే ఔదార్యం. ఏళ్ళతరబడి తమ ప్రాణాలను చేతిలో పెట్టుకొని నడిపించిన మనిషికి పిల్లలెందరో, ఊరేదో తెలియని ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. హిందీప్రాంతాలలో లారీ తోలేవానిని శిష్యుడు ‘ఉస్తాద్’ అని పిలుస్తాడు; ప్రయాణికులు ‘డ్రైవర్ సాహబ్’ అనడం కద్దు. మన పల్లెటూరి బస్సులో ముసలమ్మ ‘నాయనా డ్రైవరూ, కాస్త ఆపు’ అంటుంది; కుర్రవాడు ‘డ్రైవరన్నా’ అంటాడు. ఉమ్మడిబండిలో ఉన్న ఈ బంధుత్వం సొంతకారులోకి వచ్చేసరికి తరచుగా మాయమవుతుంది. అక్కడ అతడు వట్టి ‘డ్రైవరు’, ఒక్కొక్కప్పుడు వట్టి ‘ఏయ్’.

ఈ సంబంధంలో ఇటీవల ఒక కొత్తమార్పు వచ్చింది. ఫోనుమీద పిలిస్తే వచ్చే కార్లలో చాలావాటికి తోలేవాడే యజమాని. అప్పుచేసి కొన్నది అతడే, పత్రాలమీద పేరు అతనిదే. కాని ఎక్కడికి పోవాలో, ఎంత పుచ్చుకోవాలో, ఏ దారిన పోవాలో అతడు నిర్ణయించడు; చేతిలోని ఫోను చెబుతుంది. ఎక్కినవాడు దిగిన తరువాత అతనికి మార్కులు వేస్తాడు. సొత్తు ఉన్నా స్వామ్యం లేదు. పూర్వం సారథికి రథం లేదు. ఇప్పుడు రథం ఉన్నది, పగ్గం మాత్రం కనిపించనివాని చేతిలో ఉన్నది. కారు కొనడమే స్వాతంత్ర్యం అనుకొనేవారు ఈ యజమానుల బ్రతుకు ఒకసారి విచారించాలి.

కారుకూ మనిషికీ మధ్య ఏర్పడే మమకారం మరొక ప్రశ్న. వంగదేశంలో దీనిని గురించి ఒక గొప్ప కథ పుట్టింది. సుబోధ్ ఘోష్ వ్రాసిన ‘అజాంత్రిక్’ను ఋత్విక్ ఘటక్ 1958లో చలనచిత్రంగా తీశాడు. బిమల్ అనే టాక్సీవాడు, జగద్దల్ అని పేరుపెట్టుకొన్న అతని డొక్కుకారు, వీరే అందులో నాయికానాయకులు. లోకమంతా ఆ బండిని చూసి నవ్వుతుంది. అతడు దానితో మాట్లాడుతాడు, అలుగుతాడు, నీరు పోస్తాడు, కడుపున పుట్టినదానివలె సాకుతాడు. చివరకు అది ముక్కలై పాతయినుము కిందకు పోతుంది. మిగిలిన హారను ఒక పసివాని చేతిలో మోగినప్పుడు బిమల్ కన్నీళ్ళలోనుంచి నవ్వుతాడు. ఈ మమకారాన్ని తప్పుపట్టడానికి మనసు ఒప్పదు. ఎందుచేతనంటే అది శ్రమనుంచి పుట్టినది. బిమల్ ఆ యంత్రంలోని ప్రతి మరనూ తన వేళ్ళతో ఎరుగును.

దీనికి పక్కన ఇంకొక మమకారాన్ని పెట్టి చూడండి. వీధిలో ఆడుకొనే పిల్లవాడు కారు తలుపుమీద గీతగీశాడని పెద్దమనిషి ఒకడు చేయెత్తుతాడు. అదే పెద్దమనిషి వానాకాలంలో గుంటమీదుగా కారు పోనిచ్చి, బడికి పోయే పిల్లల బట్టలమీద బురద చిమ్మి, అద్దంలో వెనుకకు చూడడు. ఇనుముమీద గీత అతనికి నొప్పి. మనిషిమీద బురద అతనికి కనిపించదు. బిమల్ యంత్రానికి మనిషితనం ఇచ్చాడు. ఇతడు యంత్రంకోసం తన మనిషితనంలో కొంత వదులుకొన్నాడు. వస్తుప్రేమ అంతా ఒకటి కాదు. అది మనిషిని సాటివారికి దగ్గర చేస్తున్నదా, దూరం చేస్తున్నదా అన్నదే గీటురాయి.

కారు గౌరవచిహ్నం కావడం కూడ ఇక్కడే విచారించవచ్చు. షాలిమారుకు ఎగువన, అదే హుగ్లీ ఒడ్డున ఉన్న ఉత్తరపాడాలో హిందూస్తాన్ మోటార్సువారి కర్మాగారం 1957నుంచి అంబాసిడర్ కార్లను తయారుచేసింది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు దానికి మాతృక. మంత్రి ఎక్కినదీ, డాక్టరు ఎక్కినదీ, కలకత్తా వీధుల్లో పసుపురంగు టాక్సీగా తిరిగినదీ అదే. డబ్బుచ్చుకొన్నా ఏళ్ళతరబడి వేచివుండవలసిన ఆ రోజులలో కారు అరుదైనది గనుక గౌరవమైంది. 2014లో ఆ తయారీ నిలిచిపోయింది. అప్పటికి దేశంలో కార్లకు కొదవ లేదు. ఇప్పుడు గౌరవం కారు ఉండడంలో లేదు, పక్కింటివాని కారుకన్న పెద్దది ఉండడంలో ఉన్నది. ఇద్దరు మనుషులున్న ఇంట్లో ఎనిమిదిమంది పట్టే కారు నిలవడానికి పూర్తిగా ప్రయాణావసరమే కారణమని ఎవరూ నమ్మరు.

ఈ గౌరవపుచిక్కు మరింత విషాదంగా బయటపడినది సింగూరు వ్యవహారంలో. వానలో స్కూటరుమీద భార్యాబిడ్డలతో ఇరుకున పోతున్న కుటుంబాన్ని చూసి, అటువంటివారికి లక్షరూపాయలలో కారు ఇవ్వాలని రతన్ టాటా సంకల్పించాడు. ఆ సంకల్పం మంచిది. నిజానికి మన రోడ్లమీద ఎక్కువగా చనిపోయేది రెండుచక్రాల బండ్లవారే. ఆ నానో కారు కర్మాగారంకోసం 2006లో హుగ్లీ జిల్లాలోని సింగూరులో ప్రభుత్వం దాదాపు వేయి ఎకరాలు సేకరించింది. అది పంటలు పండే నేల. ఇవ్వమన్న రైతుల పక్షాన ఆందోళన చెలరేగింది. 2008 అక్టోబరులో సంస్థ వెళ్ళిపోయి గుజరాతులోని సాణంద్ చేరింది. 2016లో సుప్రీంకోర్టు ఆ సేకరణ చెల్లదని తీర్పు చెప్పి భూమిని రైతులకు తిరిగి ఇమ్మన్నది. ఒకవైపు తడిసిపోతున్న కుటుంబం, ఒకవైపు నేల పోగొట్టుకొంటున్న కుటుంబం. రెండూ న్యాయమైన గోడులే. ఒక సామాన్యుని సుఖం ఇంకొక సామాన్యుని అన్నాన్ని అడిగినప్పుడు, ఆ సుఖం అక్కరలేదని చెప్పలేము. అడగకుండా తీసుకోవడం మాత్రం అన్యాయమని చెప్పగలం. 2009లో నానో వచ్చింది, 2018లో ఆగిపోయింది. అతి చౌకకారు అన్న పేరే దానికి శత్రువైంది. వానలో తడవడానికి ఓర్చుకొన్నవారు కూడ, చౌకకారువాడు అనిపించుకోవడానికి ఓర్చుకోలేకపోయారు. మనిషి కారులో వెదికేది కప్పు ఒక్కటే కాదన్నమాట.

సౌమ్యుడైన మనిషి కారెక్కగానే ఎందుకు కఠినుడవుతాడన్నది అందరికీ అనుభవంలో ఉన్న వింత. సంతలో ఇద్దరు భుజాలు రాసుకొంటే ‘అయ్యో’ అని ఒకరు, ‘ఫరవాలేదు’ అని ఒకరు అనుకొని పోతారు. అదే ఇద్దరూ రెండు కార్లలో ఉంటే అద్దాలు దించి కులగోత్రాలు ఎత్తుతారు. కారణం వేగం ఒక్కటే కాదు. నడిచేవానికి ముఖమున్నది, కారుకు ముఖం లేదు. అద్దం వెనుక ఉన్నవానికి ఎదుటివాడు మనిషిగా కాక అడ్డంగా కనిపిస్తాడు. క్షమించమనడానికి, తమరు ముందు పొమ్మనడానికి, తొందరలో ఉన్నానని చెప్పడానికి మనిషికి ఎన్నో మాటలున్నాయి. కారుకున్నది ఒకే మాట, హారను. ఒకే మాట ఉన్న భాషలో మర్యాద చెప్పడం కష్టం. కనుక అది సాధారణంగా గద్దింపుగానే వినిపిస్తుంది.

ఈ గుడ్డితనానికి మూల్యం చిన్నది కాదు. ప్రభుత్వపు లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలవల్ల 1,68,491 మంది చనిపోయారు. వారిలో 32,825 మంది పాదచారులు. యంత్రం ఏదైనా ఒక్కటే; అందరికీ చెందిన ట్రాము కూడ ఏమరుపాటును మన్నించదు. ఆధునిక వంగకవులలో అగ్రగణ్యుడైన జీవనానందదాసును 1954 అక్టోబరు 14న కలకత్తాలో ట్రాము కొట్టింది; 22న ఆయన మరణించాడు. కవి గనుక ఆ మరణం చరిత్రలో నిలిచింది. మూటతో రోడ్డు దాటుతూ పడిపోయినవానికి పత్రికలో రెండు పంక్తులు కూడ దక్కవు.

పడిపోయినవానిని చూసినప్పుడు కారులో ఉన్నవాడు ఏమిచేస్తాడన్నది ఈ విచారణ అంతటికీ నికషం. నడిచేవాడు ఆగుతాడు, నీరిస్తాడు, అంతకన్న చేయలేడు. ఆసుపత్రికి చేర్చగల శక్తి కారు ఉన్నవానిదే. కాని అతడే ఎక్కువగా ఆగకుండా పోతాడు. సీటుకు నెత్తురంటుతుందని, పోలీసులు నిన్నే అనుమానిస్తారని, కోర్టుల చుట్టూ తిరగవలసి వస్తుందని సాకులుండేవి. వాటిలో చివరి రెండూ వట్టి సాకులు కావు, నిజమైన భయాలు. 2016లో సుప్రీంకోర్టు ఆదేశాలూ, 2019నాటి సవరణలో చేర్చిన 134-ఏ సెక్షనూ ఆ భయాన్ని తొలగించాయి. సద్బుద్ధితో సాయపడినవానిని వేధించరాదు, పేరు చెప్పమని బలవంతపెట్టరాదు. ఇక మిగిలినది నెత్తుటిమరక ఒక్కటే. దానిని కడుక్కోవడానికి నీరు చాలు.

కాబట్టి కారు ఉండవచ్చునా లేదా అన్నది సరైన ప్రశ్న కాదు. ఉన్నవాడు దానిని ఏ భావంతో ఉంచుకొంటున్నాడన్నదే ప్రశ్న. సంపదకు ధనికుడు యజమాని కాడు, ధర్మకర్త మాత్రమేనని గాంధీజీ అనేవాడు. భూములకూ మిల్లులకూ ఆ మాట ఎంతవరకు చెల్లిందో చరిత్ర చెబుతుంది. కారుకు మాత్రం అది ఏ విప్లవమూ లేకుండా ఈ పూటనుంచే చెల్లించవచ్చు. పక్కవీధికి పోవడానికి కాళ్ళు చాలినప్పుడు కాళ్ళను వాడడం. ఖాళీసీటు ఉన్నప్పుడు వానలో నిలబడిన ఇరుగుపొరుగును ఎక్కించుకోవడం. కాలిబాటమీద బండి నిలపకపోవడం. డ్రైవరుకు చెప్పిన వేళకు రావడం, రాలేకపోతే ముందుగా చెప్పడం. వీధి దాటే ముసలివానిముందు హారను కొట్టక ఆగడం. వీటిలో ఒక్కదానికీ డబ్బు అక్కరలేదు. కాలిబాటలు వేయించమని, బస్సులు పెంచమని నగరపాలకులను అడగవలసినవారిలో కారువారు ముందుండాలి. పదిమంది బస్సెక్కితే ఖాళీ అయ్యే దారి వారిదే గనుక అది పరోపకారం కూడ కాదు, వివేకం.

దీనికి ఒక ఆక్షేపణ ఉన్నది. ఒక్కడు ఆగితే వెనుకవాడు హారను కొడతాడు. ఒక్కడు కాలిబాట వదిలితే ఇంకొకడు వచ్చి బండి పెడతాడు. అందరూ మారనిదే ఒక్కని మంచితనం వ్యర్థం కదా అంటారు. ఇది నిజమే అయితే ఏ మర్యాదా లోకంలో పుట్టి ఉండేది కాదు. వరుసలో నిలవడం, మూటవానికి దారి వదలడం, ఇతరుల నిద్రవేళ గొంతు తగ్గించడం, ఇవన్నీ ఎవడో ఒక్కడు అందరికన్న ముందు చేసినవే. వృక్షశాస్త్రోద్యానంలోని మహావటవృక్షం చుట్టూ ఇంతకుమించి పోదని ఎవరో ఒక దారి వేశారు. ఊడలు ఒకటొకటిగా నేలకు దిగి, ఆ దారిని దాటి చెట్టు ఇంకా విస్తరిస్తూనే ఉన్నది. మొదటి ఊడ దిగినప్పుడు అది ఏ మార్పూ కాదు.

అన్నిటికన్న సుళువుగా మరచిపోయే సంగతి మరొకటి ఉన్నది. రథికుడు, సారథి, పాదచారి అన్నవి మూడు జాతులు కావు. ఒకే మనిషికి వేరువేరు వేళలలో కలిగే మూడు అవస్థలు. డ్రైవరు రాని రోజున యజమానే సారథి. పని ముగిసిన తరువాత సారథి బస్సుకోసం నడిచిపోయే పాదచారి. ఎంతటి కారులో వచ్చినవాడైనా తలుపుమూసి వీధి దాటవలసిన క్షణం ఒకటి ఉంటుంది. అప్పుడు ఎదురుగా వచ్చే బండిలోని అపరిచితుడు తనను చూసి ఆగాలనే అతడూ కోరుకొంటాడు. ఆ అపరిచితునినుంచి తాను కోరే దయను, తాను బండిలో ఉన్నప్పుడు ఇతరులకు బాకీపడి ఉన్నానని గుర్తిస్తే, కారుధర్మం అంతా అందులోనే ఇమిడిపోతుంది.